ఏనుగు దిగిపోయాక: కోడి రామ్మూర్తి నాయుడి కథ

కిందటి ఏడాది జనవరి. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటింది. మా పెద్దమ్మాయి చదివే హైస్కూలు నుంచి ఫోన్ వచ్చింది. కుస్తీ ప్రాక్టీసులో మోకాలు మెలిపడింది, నడవలేకపోతోంది, వచ్చి తీసుకెళ్లమన్నారు. వాన్‌లో ఆ రోజు పొద్దుటి నుంచీ మంచు కురుస్తూనే ఉంది. రూథర్‌ఫర్డ్ రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉన్నాయి. పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నేను ఒకటే అనుకున్నాను. ఆడపిల్లకు కుస్తీ ఏమిటని మా అమ్మ ఫోన్‌లో అన్న రోజే ఆపేయాల్సింది.

దానికి ఈ పిచ్చి పట్టింది జపాన్ వల్ల. అక్కడ 1980ల్లో క్రష్ గాల్స్ అని ఇద్దరమ్మాయిల జోడీ ఉండేది. చిగుసా నగాయో, లయనెస్ అసుకా. బరిలోకి దిగి ప్రొఫెషనల్ కుస్తీ పట్టేవారు, పాటల రికార్డులు కూడా ఇచ్చేవారు. వాళ్లను చూడ్డానికి వచ్చే జనంలో ఎక్కువ మంది స్కూలు అమ్మాయిలే. ఆ పాత వీడియోలు చూసి మా అమ్మాయి గ్రేడ్ 9లో స్కూలు కుస్తీ టీములో చేరింది. స్కూలు కుస్తీ వేరు, టీవీ కుస్తీ వేరు. ఇక్కడ పాయింట్లు, బరువుల తరగతులు, రిఫరీ, నియమాలు ఉంటాయి. అయినా దాని గది గోడ మీద ఉన్నది మాత్రం ఆ జపాన్ అమ్మాయిలే.

మోకాల్లో లిగమెంట్ కొంత చిరిగిందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు గానీ ఆ ఏడు ఇక బరిలోకి దిగే పని లేదన్నారు. పిల్ల మాట్లాడడం మానేసింది. కాలు దిండు మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. ఏం చెప్పాలో తెలియక, నా చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చినప్పుడు మా తాత చెప్పిన కథ ఎత్తుకున్నాను. మాది శ్రీకాకుళం వైపు. మా వైపు పిల్లలకు భీముడి కథ కంటే ముందు కలియుగ భీముడి కథ చెబుతారు. కోడి రామ్మూర్తి నాయుడి కథ.

వీరఘట్టం పిల్లాడు

రామ్మూర్తి గారు పుట్టింది 1880ల తొలి ఏళ్లలో, వీరఘట్టంలో. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది ఏర్పడింది 1950లో. ఇప్పుడైతే వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లి లేని పిల్లాడు, దుడుకు పిల్లాడు. బడి కంటే ఊరి చెరువు గట్టు మీదే ఎక్కువ ఉండేవాడని మా వైపు చెప్పుకుంటారు. పొద్దున్నే అక్కడికి పోయి కసరత్తు చేసేవాడట.

తండ్రి ఆ పిల్లాణ్ని విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపించారు. ఆయన అక్కడ పోలీసు ఇన్‌స్పెక్టర్. కుర్రాడు దారిలో పడతాడని పంపించారేమో గానీ, దొరికింది మాత్రం వాడికి కావలసిన దారే. విజయనగరం అప్పట్లో సంస్థాన పట్టణం. గురజాడ అప్పారావు గారు, ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన వీధులవి. సంగీతం, హరికథ, నాటకం ఎంత ఉండేవో సాముగరిడీలు, కుస్తీలు కూడా అంతే ఉండేవి. తాలింఖానా అనే మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. మట్టి తవ్విన గోదా, చుట్టూ కర్రలు, గదలు, రాతి గుండ్లు, మూల ఒక ఆంజనేయస్వామి పటం. ఇప్పటి జిమ్‌కు తాతలాంటిది. రామ్మూర్తి అక్కడ దండీలు, బస్కీలు తీశాడు, కుస్తీ పట్లు నేర్చాడు.

ఇరవై ఏళ్లు దాటేసరికి రొమ్ము మీద టన్నున్నర బరువు మోసేవాడని, తర్వాత మూడు టన్నులకు చేరాడని చెబుతారు. కథలో ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మాయి మొదటిసారి నా వైపు తిరిగింది. టన్నులేమిటి, కిలోల్లో చెప్పమంది. మూడు వేల కిలోలని చెప్పాను. నమ్మలేదు. నమ్మకపోయినా సరే, తిరిగింది కదా అని నాకు సంతోషం వేసింది.

డ్రిల్లు మాస్టారు

ఈ కథలో చాలామంది దాటేసే భాగం ఒకటుంది. కలియుగ భీముడు కాకముందు రామ్మూర్తి గారు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మద్రాసు వెళ్లి సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని విజయనగరం తిరిగొచ్చి, తాను చదువుకున్న హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు.

నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. గోదాలో వస్తాదు దగ్గర నేర్చుకున్న విద్య ఒకటి, కాలేజీలో పద్ధతిగా నేర్చుకున్న విద్య ఒకటి. రెండూ ఆయన దగ్గర కలిశాయి. వీటికి తోడు యోగసాధన. ఊపిరి బిగబట్టడాన్ని వాయుస్తంభన అంటారు, నీళ్లలో కదలకుండా ఉండిపోవడాన్ని జలస్తంభన అంటారు. ఈ రెండూ ఆయనకు పట్టుబడ్డాయని పేరు. మాంసం ముట్టని శాకాహారి. కండలు పెంచాలంటే ఏం తినాలని ఈ దేశంలో మన పిల్లలు డబ్బాల డబ్బాల పొడులు కొంటుంటే నాకు ఈయనే గుర్తొస్తారు.

సర్కస్ డేరా

పిల్లలకు డ్రిల్లు నేర్పుతూ ఉండిపోయి ఉంటే ఆయన పేరు విజయనగరం దాటేది కాదు. పొట్టి పంతులు అని పిలిచే ఒక మిత్రుడి సలహాతో, సాయంతో సొంత సర్కస్ పెట్టారు.

అప్పటికి మన దేశంలో సర్కస్ కొత్త పుంతలు తొక్కుతోంది. విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో మొదలుపెట్టిన గ్రేట్ ఇండియన్ సర్కస్‌తో ఆ వరస మొదలైంది. మలబారు తీరంలో తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ శిక్షణ ఇచ్చిన పిల్లలు దేశమంతా సర్కస్‌లలో చేరారు. బెంగాల్‌లో బోస్ గారి సర్కస్‌లో సుశీలా సుందరి అనే అమ్మాయి చేతిలో ఆయుధం లేకుండా పులి బోనులోకి వెళ్లేది. సినిమా ఇంకా ఊళ్లకు రాని రోజులు. డేరా వేశారంటే చుట్టుపక్కల ఊళ్ల బళ్లన్నీ అటే.

మా తాత వాళ్ల నాన్న బండి కట్టుకుని విజయనగరం పోయి ఈ సర్కస్ చూశాడట. ఆయన చెప్పింది మా తాతకు, మా తాత చెప్పింది నాకు. ముందు గుర్రాలు, తీగ మీద నడిచేవాళ్లు, బఫూన్లు. ఆఖర్న అంతా సద్దుమణిగాక రామ్మూర్తి గారు వచ్చేవారు. ఇనప గొలుసును ఛాతీకి, భుజాలకు చుట్టించుకునేవారు. గట్టిగా ఊపిరి పీల్చేవారు. గొలుసు తెగి కింద పడేది. డేరాలో అంతమంది ఉన్నా ఆ గొలుసు నేల మీద పడ్డ చప్పుడు వినబడేదట. మా తాత ఆ చప్పుడు నోటితో చేసి చూపించేవాడు.

తర్వాత కార్లు. రెండు చేతులకూ గొలుసులు కట్టించుకుని, వాటిని రెండు మోటారు కార్లకు తగిలించి, రెండిటినీ ఎదురెదురు దిక్కులకు నడపమనేవారు. కార్లు రొద పెట్టేవి, కదిలేవి కావు. వైస్రాయి లార్డ్ మింటో మద్రాసులో ఈ విద్య చూసి, నమ్మకం చాలక తానే కారు నడిపి పరీక్షించాడని, అయినా కారు ముందుకు పోలేదని ప్రసిద్ధి.

ఆఖరిది ఏనుగు. ఆయన వెల్లకిలా పడుకునేవారు. రొమ్ము మీద పెద్ద చెక్క వేసేవారు. ఏనుగు దాని మీదికి ఎక్కేది. ఎక్కి దిగిపోవడం కాదు, నిమిషాల తరబడి నిలబడేది. అయిదు నిమిషాలని కొందరు చెబుతారు. డేరాలో ఎవరూ ఊపిరి తీసేవాళ్లు కాదట. ఏనుగు దిగిపోయాక ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. అప్పుడు చప్పట్లు.

చెక్క కింద మనిషి

ఈ ఏనుగు దగ్గరే మా అమ్మాయి నన్ను ఆపేసింది. అది ట్రిక్కు అంది. ఫిజిక్స్ చదువుతోంది కదా, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. చెక్క వేస్తే ఏనుగు బరువు ఒక్క చోట పడదు, పరుచుకుంటుంది. చెక్క కొసలు కొంత బరువును నేలకు చేరవేస్తాయి. కార్ల సంగతీ అంతే. ఎదురెదురుగా లాగే రెండు కార్లు ఒకదాని బలాన్ని ఒకటి అడ్డుకుంటాయి, ఆ కాలపు కార్ల బలమూ ఇప్పటి కార్లంత కాదు, నున్నటి నేల మీద చక్రాలు జారనూ జారతాయి.

నాకు కోపం రాలేదు. నిజమే చెప్పింది. కానీ నేను దాన్ని ఒకటి అడిగాను. నీ గోడ మీద ఉన్న ఆ జపాన్ అమ్మాయిల కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు కదా, మరి ఎందుకు చూస్తావని. అది వెంటనే జవాబు చెప్పింది. ఎవరు గెలుస్తారన్నది ముందే అనుకున్నా, తాడు మీది నుంచి ఎగిరి పడితే వీపుకు తగిలే నేల నిజమే అంది.

నేను వెతుకుతున్న మాట అదే. ఏనుగును ఎక్కించడం ప్రదర్శనే. చెక్క ఎంత పొడవుండాలి, ఏ కొస ఎక్కడ ఆనాలి, ఏనుగు ఏ కాలు ముందు వేయాలి, అన్నీ లెక్కలే. కానీ ఆ లెక్కలన్నీ పోగా మిగిలిన బరువు మనిషి మీద పడుతుంది. ఆ బరువు నిజం. మామూలు మనిషి ఆ చెక్క కింద పడుకుంటే పక్కటెముకలు విరుగుతాయి. ఛాతీ నిండా గాలి బిగించి, కండరాలన్నీ ఒక్కసారి బిర్రబిగించి, నిమిషాల పాటు వదలకుండా ఉండాలి. కంగారు పడి ఒక్కసారి ఊపిరి వదిలితే అయిపోయినట్టే. సైదాపేటలో నేర్చిన లెక్క, గోదాలో చేసిన కండ, యోగంలో పట్టిన ఊపిరి, మూడూ ఉంటేనే ఆ చెక్క కింద మనిషి మిగులుతాడు.

ఆ లెక్క తప్పిన రోజు కూడా ఉంది. విదేశాల్లో ఒక ప్రదర్శనలో గట్టి చెక్కకు బదులు బలహీనమైన చెక్క వేశారని, ఏనుగు ఎక్కగానే అది విరిగి పక్కటెముకలకు గాయమైందని, శస్త్రచికిత్స చేసి రెండు నెలలు మంచం మీద ఉంచారని కథ ఉంది. ఆయనంటే గిట్టనివాళ్లు కావాలనే చేశారని కూడా అంటారు. ఎవరు చేసినా, గాయం మానాక ఆయన మళ్లీ చెక్క కిందికి వెళ్లారు.

రెండు నెలలేనా అని మా అమ్మాయి అడిగింది. తన మోకాలికి డాక్టరు చెప్పిన నెలలు లెక్కేసుకుంటోంది.

దేశమంతా ప్రొఫెసర్

ఆయన సర్కస్ తెలుగునేల దాటి దేశమంతా తిరిగింది. ఉత్తరాదిలో ఆయన్ను ప్రొఫెసర్ రామమూర్తి అనేవారు. బిరుదులు వరసగా వచ్చాయి. పూనాలో లోకమాన్య తిలక్ ఆయన ప్రదర్శన చూసి మల్లమార్తాండ అన్నారని, హైదరాబాదులో జగదేకవీర అన్నారని చెబుతారు. జర్మనీలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న యూజెన్ సాండో 1904, 1905ల్లో మన దేశంలో ప్రదర్శనలిచ్చాడు. ఆయనతో పోల్చి రామ్మూర్తి గారిని ఇండియన్ సాండో అన్నారు.

ఇంత ఆదరణ ఎందుకని ఆలోచిస్తే ఆ కాలం గుర్తొస్తుంది. భారతీయులు బలహీనులు, ఏలబడడానికే పుట్టినవాళ్లు అని తెల్లదొరలు పుస్తకాలలో రాసి, బడుల్లో చెప్పిన రోజులవి. బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం నడుస్తున్నాయి. తిలక్ లాంటి నాయకులు వ్యాయామశాలలు పెట్టండని యువకులకు చెబుతున్నారు. అలాంటప్పుడు మనలాంటి ఒక మనిషి, పప్పు అన్నం తినే మనిషి, ఏనుగును ఎత్తుకుంటే అది వట్టి సర్కస్ కాదు. వైస్రాయి నడిపిన కారును ఆపితే అది వట్టి కారు కాదు. డేరాలో నేల టికెట్టు కొని కూర్చున్న రైతుకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే కాలంలో పంజాబ్ నుంచి గామా పహిల్వాన్ లండన్ వెళ్లాడు. 1910 సెప్టెంబరులో పోలండ్ మల్లుడు జబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడాడు. కుస్తీ తేలలేదు. వారం తర్వాత మళ్లీ పెడితే జబిస్కో రానేలేదు. పట్టం గామాకు దక్కింది.

ఓడిన దేశానికి, ఏలబడిన దేశానికి బలవంతుడు కావాలి. ఇది మన ఒక్కరి కథ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన జపాన్‌లో 1954లో రికిడోజాన్ అనే మల్లుడు షార్ప్ సోదరులతో కుస్తీ పడితే, వీధుల్లో పెట్టిన టీవీల ముందు వేలమంది నిలబడి చూశారు. అక్కడ ప్రొఫెషనల్ కుస్తీకి ఊపిరి పోసిన రోజులవే. మా అమ్మాయి గోడ మీది జోడీ కూడా ఆ చెట్టు కొమ్మే. ఆ షార్ప్ సోదరులు ఎక్కడివాళ్లనుకున్నారు? మన వాన్‌కు గంట దూరంలో ఉన్న హామిల్టన్ వాళ్లు. ఈ మాట చెబితే మా అమ్మాయి దిండు ఎత్తుగా పెట్టుకుని లేచి కూర్చుంది.

సముద్రం దాటి

అలహాబాదులో కాంగ్రెస్ మహాసభ సమయంలో ప్రదర్శన చూసిన మదన్ మోహన్ మాలవ్యా, మన బలం విదేశాలకూ చూపించమని ప్రోత్సహించారట. రామ్మూర్తి గారు బృందంతో ఓడెక్కారు. మనలాగా రెండు సూట్‌కేసులతో కాదు, డేరాలు, సామాను, మనుషులతో. లండన్‌లో అయిదవ జార్జి రాజు, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదిచ్చారని ప్రతీతి. అక్కడి నుంచి యూరప్ దేశాలు తిరిగారు. స్పెయిన్‌లో ఎద్దుతో పోరాటానికి పిలిస్తే, కత్తీ బట్టా లేకుండా దిగి కొమ్ములు పట్టుకుని వంచేశారని మా తాత చెప్పేవాడు. బర్మా వెళ్లారు. రంగూన్‌లో ఆయన్ను చంపాలని చూశారని, తప్పించుకున్నారని ఇంకో కథ.

ఈ కథల్లో కొన్ని నోటి నుంచి నోటికి పోతూ కాస్త కండ పట్టి ఉంటాయి. బలవంతుడి కథకు కండ పట్టడం సహజం. కానీ వీరఘట్టం నుంచి బయలుదేరిన ఒక కుర్రాడు, ఇంగ్లీషు దొర ఉద్యోగం కోసమో చదువు కోసమో కాకుండా, తన ఒంటిని, తన విద్యను నమ్ముకుని సముద్రం దాటాడు. ఆ రోజుల్లో మన వైపు నుంచి సముద్రం దాటినవాళ్లలో ఎక్కువమంది రంగూన్ మిల్లులకు, రేవులకు కూలికి పోయినవాళ్లే. వీసా కాగితాలు చేతపట్టుకుని వచ్చిన మనకు ఆ తెగువ ఎంతటిదో కొంచెమైనా అర్థమవుతుంది.

సంపాదన కూడా అంతే వచ్చింది. వచ్చినంతా వచ్చినట్టే పోయింది. దానాలకు, జాతీయోద్యమానికి చందాలకు చేయి ఎముక లేకుండా ఇచ్చారని చెబుతారు. వెనకేసుకోవడం ఆయనకు తెలియని విద్య.

నేను దాటేసిన భాగం

మా తాత ఈ కథను ఎప్పుడూ స్పెయిన్ ఎద్దు దగ్గర ఆపేసేవాడు. నేను కూడా అక్కడే ఆపేద్దామనుకున్నాను. కాలికి కట్టుతో పడుకున్న పిల్లకు ఆ తర్వాతి భాగం చెప్పడానికి నోరు రాలేదు. కానీ ఆ మర్నాడు అదే ఫోన్‌లో వెతికి చదివేసింది. వంటింట్లోకి కుంటుకుంటూ వచ్చి, ఆయన కాలు తీసేశారని నాకెందుకు చెప్పలేదని అడిగింది.

చెప్పాల్సి వచ్చింది. రామ్మూర్తి గారికి కాలి మీద రాచపుండు లేచింది. ఇప్పుడైతే మందులతో లొంగే జబ్బు. అప్పటికి పెన్సిలిన్ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి రోగికి ఆ మందు ఇచ్చిందే 1941లో. పుండు ముదిరి కాలు తీసేయక తప్పలేదు. ఆ శస్త్రచికిత్సకు ఆయన క్లోరోఫారం వద్దన్నారని, ప్రాణాయామం చేసి ఊపిరి నిలిపి నొప్పి భరించారని చెబుతారు. ఏనుగు కింద బిగబట్టిన ఊపిరే. ఈసారి చూడ్డానికి డేరా లేదు, జనం లేరు, చప్పట్లు లేవు.

చివరి రోజులు బలంగీర్‌లో గడిచాయి. ఒడియా ప్రాంతంలోని పాట్నా సంస్థానానికి అది రాజధాని. బిహార్ పాట్నా అనుకునేరు, అది వేరు. అక్కడి రాజు ఆశ్రయంలో ఉంటూ 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో కన్నుమూశారు. అప్పటికి అరవై ఏళ్లు అటూ ఇటూ. స్వాతంత్ర్యం ఇంకా అయిదేళ్ల దూరంలో ఉంది.

చెప్పేశాక నాకు భయమేసింది. పిల్ల ఇంకా కుంగిపోతుందేమోనని. అది కుర్చీ లాక్కుని కూర్చుని, ఒకటే అడిగింది. కాలు పోయాక ఆయన ఏం చేశారని.

నాకు తెలిసింది చెప్పాను. ఒంటి మీద కండ పోతుంది. కార్లు ఆపిన చేతులు కర్ర పట్టుకుంటాయి. బలవంతుడి కథలన్నిటికీ ఆఖరి పేజీ ఇదే. ఆడ పహిల్వాన్లలో పేరెన్నిక గన్న హమీదా బాను ఉంది. 1954లో బరోడాలో బాబా పహిల్వాన్‌ను ఒక నిమిషం 34 సెకండ్లలో ఓడించిన మనిషి. తర్వాతి కాలంలో పాలు అమ్ముకుని బతికింది. దాని గోడ మీది జపాన్ అమ్మాయిలకు ఇరవై ఆరేళ్లకే రిటైర్ అవ్వాలని కంపెనీ నియమం ఉండేది. బరిలో ఉండే కాలం ఎవరికైనా కొంచెమే. పోనిది ఒకటే. కోత కోస్తుంటే ఊపిరి నిలిపి ఉండగలిగిన ఆ నిబ్బరం. అది కాలితో పాటు పోలేదు. ఏనుగు ఎక్కినప్పుడు జనం చూసింది కండను. ఏనుగు దిగిపోయాక కూడా ఆయన దగ్గర మిగిలింది ఆ సాధన.

ఇది నేను ముందే తయారు చేసుకున్న మాట కాదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే చెప్పిన మాట. చెప్పాక నాకే అనిపించింది, ఇన్నాళ్లూ మనం ఈయన కథను సగమే చెప్పుకుంటున్నామని.

బీచ్‌లో విగ్రహం

ఆ వేసవిలో ఇండియా వెళ్లాం. విశాఖపట్నం బీచ్ రోడ్డులో రామ్మూర్తి గారి విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో ఆయన పేరు మీద స్టేడియం ఉంది. నేను ఆ బీచ్ రోడ్డు మీద లెక్కలేనన్ని సార్లు నడిచాను, మొక్కజొన్న పొత్తులు తిన్నాను, ఒక్కసారీ ఆ విగ్రహం ముందు ఆగలేదు. ఈసారి మా అమ్మాయి ఆపింది. చాలాసేపు చూసింది. విగ్రహాలు ఎప్పుడూ మనిషిని బలంగా ఉన్నప్పటి రూపంలోనే నిలబెడతాయి. అది కూడా ఆ మాటే అంది, ఆఖరి రోజుల విగ్రహం ఎవరూ ఎందుకు పెట్టరని. నా దగ్గర జవాబు లేదు.

పక్కనే ఒక పిల్లాడు వాళ్ల నాన్నను ఈయనెవరని అడుగుతున్నాడు. ఆయన పహిల్వాన్ అని చెప్పి ముందుకు నడిచాడు. మా అమ్మాయి తనకొచ్చిన తెలుగులో ఏనుగు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పిల్లాడు ఆగిపోయాడు. వాళ్ల నాన్న కూడా వెనక్కొచ్చాడు.

నవంబరులో స్కూలు నుంచి కుస్తీ టీముకు అనుమతి కాగితం వచ్చింది. తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. రెండు రోజులు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంచాను. డాక్టరు సరేనన్నారు, ఫిజియో సరేనన్నారు, మా అమ్మ మాత్రం ఫోన్‌లో ససేమిరా అంది. మూడో రోజు పొద్దున్న దిగి వచ్చేసరికి మా అమ్మాయి హాల్లో చాప పరుచుకుని, మోకాలికి పట్టీ వేసుకుని, ఊపిరి బిగబట్టి గోడకు ఆనుకుని కూర్చునే వ్యాయామం చేస్తోంది. నన్ను చూసినా కదల్లేదు. లెక్క పూర్తయ్యే దాకా ఊపిరి వదల్లేదు.

సంతకం పెట్టాను.

ఈసారి సెలవులకు విశాఖ వెళితే మీరు కూడా ఆ విగ్రహం దగ్గర అయిదు నిమిషాలు ఆగండి. పిల్లలకు ఏనుగు సంగతి చెప్పండి. అక్కడితో ఆపేయకుండా, ఏనుగు దిగిపోయాక జరిగింది కూడా చెప్పండి.